గాఢ పురుగుమందు: ఇంట్లో, పెరట్లో, జంతువుల దగ్గర ప్రమాదం లేకుండా వాడటం ఎలా?

ఇంట్లో బొద్దింకలకో, పెరట్లో చీమలకో, కుక్క పడుకునే చోట గోమార్లకో కొట్టే మందు రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి తెచ్చింది తెచ్చినట్టు వాడేది. రెండోది నీళ్లలో కలుపుకుని వాడేది. మొదటిదాంట్లో కొలతలన్నీ తయారీదారు చూసుకుని ఉంటాడు. రెండోదాంట్లో ఆ బాధ్యత మొత్తం మీది. సీసాలో 10 శాతం మందు ఉండి, గోడకు కొట్టాల్సింది 0.05 శాతం ద్రావణమైతే, మీ చేతిలో ఉన్న సీసా ఆ ద్రావణం కంటే 200 రెట్లు బలమైనదన్నమాట. దాంతో పనిచేసేటప్పుడు 'కాస్త అటూ ఇటూ' అనే మాటకు చోటు లేదు.

నేను ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒకటే. ఎంత మందు కావాలో ముందు లెక్క కట్టండి, అంతే కలపండి. ఆ లెక్క ఒక్కసారి కడితే చాలామంది ఆశ్చర్యపోతారు. అనుకున్నదాంట్లో పదో వంతు కూడా అక్కర్లేదని తేలుతుంది. మిగిలిన జాగ్రత్తలు సగం అక్కడే తేలికైపోతాయి. కలపని మందు ఒలకదు, మిగలదు, పారబోయాల్సిన అవసరం రాదు.

ముందుగా: అసలు మందు దాకా వెళ్లాలా?

ఏ పురుగో, ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా మందు కలపకండి. దోమలైతే నిలవ నీళ్లు వెతకండి. డెంగీని మోసుకొచ్చే ఏడిస్ దోమ వేడి కాలంలో గుడ్డు నుంచి దోమ అయ్యేందుకు వారం, పది రోజులు చాలు. కాబట్టి వారానికోసారి తొట్లు, కుండీల కింది పళ్లేలు వంచేస్తే, మందు కొట్టిన దానికంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. బొద్దింకలకు జెల్ ఎర, చీమలకు ఎర మందు మేలు. ఎర తిన్న చీమ దాన్ని పుట్టకు మోసుకెళ్తుంది. పిచికారీ చేస్తే కనిపించిన చీమలు చస్తాయి, పుట్ట అలాగే ఉంటుంది. ఇంకో సంగతి, జెల్ ఎర పెట్టిన చోట పిచికారీ చేయకండి. ఆ వాసన తగిలితే బొద్దింకలు ఎర దగ్గరకే రావు, రెండు మందులూ వృథా.

ఇవన్నీ చేశాక కూడా తగ్గలేదా? అప్పుడు సీసా తీయండి.

లేబుల్ చదవడం

సీసా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాణిజ్య నామం పక్కన పెట్టండి. చూడాల్సింది కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు, దాని శాతం, ఆ తర్వాత రెండక్షరాల గుర్తు. ఉదాహరణకు 'సైపర్‌మెత్రిన్ 10 శాతం ఈసీ', 'సైపర్‌మెత్రిన్ 25 శాతం ఈసీ'. పేరు ఒకటే, రంగూ వాసనా కూడా దాదాపు ఒకటే. కానీ రెండోది రెండున్నర రెట్లు బలమైనది. పోయినసారి వాడిన కొలతనే గుర్తుపెట్టుకుని కొత్త సీసాకు వాడేవాళ్లు సరిగ్గా ఇక్కడే పొరబడతారు.

ఆ రెండక్షరాల గుర్తూ ముఖ్యమే. ఈసీ అంటే నూనె లాంటి ద్రావకంలో కరిగించిన మందు. నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడుతుంది. ఆ ద్రావకాలు చర్మంలోకి సులువుగా దిగుతాయి, నిప్పు అంటుకుంటాయి, మింగితే ఊపిరితిత్తులకు చేటు. డబ్ల్యూపీ అంటే నీళ్లలో కలిసే పొడి. చర్మంలోకి అంత తేలిగ్గా దిగదు కానీ, కొలిచేటప్పుడు లేచే ధూళి ముక్కులోకి పోతుంది. కలిపాక కూడా అడుక్కు దిగుతూ ఉంటుంది కాబట్టి స్ప్రేయర్‌ను మధ్యమధ్యలో కదుపుతూ ఉండాలి. ఎస్‌సీ అంటే ద్రవంలో తేలే సన్నని రేణువులు. సీసాను బాగా ఊపకుండా పోస్తే మొదట్లో పలచటిది, చివర్లో చిక్కటిది వస్తుంది.

ఆ తర్వాత ఈ మందు ఎక్కడ వాడటానికి అనుమతి ఉందో చూడండి. 'ఇళ్లలో', 'పశువుల కొట్టాల్లో', 'జంతువుల ఒంటి మీద' అనేవి మూడు వేర్వేరు అనుమతులు. పొలానికి అని రాసి ఉన్న మందును ఇంట్లో కొట్టకూడదు, అందులో పురుగుల్ని చంపే రసాయనం అదే అయినా సరే. పొలంలో ఎండా వానా గాలీ దాన్ని విరిచేస్తాయి. గదిలో ఆ మూడూ లేవు, పైగా నేల మీద పాకే పిల్లలుంటారు. చెదలకూ బొద్దింకలకూ ఒకప్పుడు ఇళ్లలో విరివిగా వాడిన క్లోర్‌పైరిఫాస్‌నే తీసుకోండి. పిల్లల ఆరోగ్యం దృష్ట్యా అమెరికాలో దాని గృహ వినియోగాన్ని దాదాపు పూర్తిగా తప్పించాలని 2000లో నిర్ణయించారు. పాత సీసాలు ఇంట్లో ఉంటే, 'ఇదివరకు వాడాంగా' అనుకోకుండా, ఆ మందుకు ఇప్పుడు ఏ అనుమతి ఉందో కనుక్కోండి.

లేబుల్ చిరిగిపోయి మందు పేరు తెలియకపోతే ఆ సీసా వాడకండి. వాసన చూసి గుర్తుపట్టే ప్రయత్నం అసలే వద్దు.

లెక్క

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. కాగితం, పెన్ను తీసుకోండి.

మొదట, మీ స్ప్రేయర్ ఎంత జాగాకు ఎంత నీరు చల్లుతుందో తెలుసుకోవాలి. మందు లేకుండా ఉత్త నీళ్లతో చేయండి. 2 లీటర్ల నీళ్లు పోసి, గోడ మీద 10 చదరపు మీటర్లు గీసుకుని, మామూలుగా చల్లినట్టే చల్లండి. గోడ సమంగా తడవాలి, నీళ్లు కారకూడదు. మిగిలిన నీళ్లు కొలవండి. 1,600 మి.లీ. మిగిలితే 400 ఖర్చయినట్టు, అంటే చదరపు మీటరుకు 40 మి.లీ. దోమల నివారణకు గోడల మీద మందు కొట్టే సిబ్బందికి నేర్పే కొలత కూడా ఇదే, నాజిల్‌ను గోడకు 45 సెంటీమీటర్ల దూరంలో ఉంచి చదరపు మీటరుకు 40 మి.లీ. మీకు 80 వచ్చిందంటే నాజిల్ అరిగిపోయి ఉండాలి, లేదా మీరు మరీ నెమ్మదిగా నడుస్తున్నారు.

రెండోది, కొట్టాల్సిన జాగా. గది మొత్తానికి కాదు. బొద్దింకలు, చీమలు తిరిగేది గోడ, నేల కలిసే అంచుల్లో. 4 మీటర్లు, 3 మీటర్ల గది చుట్టుకొలత 14 మీటర్లు. అంచు వెంబడి 30 సెంటీమీటర్ల పట్టీ కొడితే 4.2 చదరపు మీటర్లు. దాన్ని 40తో గుణిస్తే 168 మి.లీ. అంటే ఒక గ్లాసు కంటే తక్కువ ద్రావణంతో గది పని అయిపోతుంది.

మూడోది, ఆ ద్రావణానికి ఎంత మందు. లేబుల్ నేరుగా 'లీటరుకు ఇన్ని మి.లీ.' అని చెబితే అదే వాడండి. శాతం మాత్రమే చెబితే సూత్రం ఇది: కావాల్సిన శాతాన్ని సీసాలోని శాతంతో భాగించి, వచ్చినదాన్ని కలపబోయే ద్రావణం పరిమాణంతో గుణించాలి. 0.05 శాతం ద్రావణం 10 లీటర్లు కావాలంటే, 10 శాతం సీసా నుంచి 50 మి.లీ. తీసుకోవాలి. అదే 25 శాతం సీసా అయితే 20 మి.లీ. చాలు. ఇప్పుడు మన గదికి వద్దాం. 168 మి.లీ. ద్రావణానికి 10 శాతం సీసా నుంచి కావాల్సింది 0.84 మి.లీ. ఒక మిల్లీలీటరు కూడా కాదు. ఇలాంటి నాలుగు గదులకు కలిపి దాదాపు మూడున్నర మి.లీ.

మూతతో కొలిచి పోసే అలవాటు ఎందుకు మానుకోవాలో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది. సూది లేని సిరంజి ఒకటి, చిన్న కొలపాత్ర ఒకటి కొని, వాటి మీద 'మందుకు మాత్రమే' అని చెరగని సిరాతో రాసి, మందుతో పాటే పెట్టండి. వంటింటి చెంచాలు, కప్పులు ఈ పనికి తేకండి. తేస్తే అవి మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు.

'కొంచెం ఎక్కువ పోస్తే బాగా పనిచేస్తుంది కదా' అనే ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. పనిచేయదు. లేబుల్ మోతాదుకు లొంగని పురుగు, రెట్టింపు మోతాదుకూ తరచు లొంగదు. అది ఆ మందుకు అలవాటుపడిన తరం, లేదా మందు దానికి తగలడమే లేదు. ఎక్కువ పోసినందువల్ల పెరిగేది ఇంట్లో ఉన్నవాళ్ల ఒంట్లోకి వెళ్లే మందే. రెండు మందులు కలిపి కొట్టడం అంతకంటే చెడ్డ ఆలోచన. క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు, సైపర్‌మెత్రిన్, పెర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్లను విరిచేసే ఎంజైములకు ఒంట్లో అడ్డుపడతాయి. దాంతో మామూలుగా మన ఒళ్లు తట్టుకోగల పైరిత్రాయిడ్ కూడా ఎక్కువ విషమవుతుంది. తయారీదారు కలిపి ఇస్తే వేరు, మీరు బకెట్లో కలపకండి.

ఒంటి మీద ఏముండాలి

నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరుతో చేసిన చేతి తొడుగులు. బట్టవీ, తోలువీ పనికిరావు. అవి మందును పీల్చుకుని చర్మానికి అంటించి ఉంచుతాయి. కళ్లకు పక్కలు మూసే అద్దాలు, పొడవు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు, రబ్బరు బూట్లు. ప్యాంటు అంచు బూటు లోపల కాకుండా బయట ఉండాలి, లేదంటే కారిన మందు నేరుగా బూట్లోకి దిగుతుంది. పొడి మందుకు, మూసిన గదిలో పనికి లేబుల్ చెప్పిన మాస్కు. ముక్కుకు కట్టుకున్న గుడ్డ మాస్కు కాదు, తడిస్తే అది మందునే ముక్కుకు ఆనించి పెడుతుంది.

చర్మం అంతటా ఒకేలా మందును పీల్చుకోదు. పారాథియాన్ అనే ఆర్గానోఫాస్ఫేట్ మందుతో చేసిన పాత కొలతల్లో, ముంజేతితో పోలిస్తే నుదురు, తల దాదాపు 4 రెట్లు, వృషణాల చర్మం దాదాపు 12 రెట్లు ఎక్కువ పీల్చుకున్నాయి. అందుకే పని మధ్యలో మూత్రానికి వెళ్లాల్సి వస్తే, వెళ్లొచ్చాక కాదు, వెళ్లకముందే సబ్బుతో చేతులు కడుక్కోండి. మందు చేత్తో చెమట తుడుచుకోకండి.

కలపడం: ఎక్కువ జాగ్రత్త ఇక్కడే

మందు నీళ్లలో కలవకముందు ఉన్న ఆ రెండు నిమిషాలే అన్నిటికంటే ప్రమాదకరం. గోడకు కొట్టేటప్పుడు చుక్క పడితే 0.05 శాతం ద్రావణం, ఇక్కడ పడితే నేరుగా సీసాలోది.

ఇంటి బయట, గాలి ఆడే చోట, పిల్లలూ జంతువులూ దగ్గర లేని వేళ కలపండి. కింద ప్లాస్టిక్ తొట్టి పెట్టి అందులో స్ప్రేయర్ ఉంచండి, ఒలికినా తొట్టిలోనే పడుతుంది. పక్కనే ఒక బకెట్ మంచినీళ్లు, సబ్బు. గాలి మీ వెనక నుంచి వీయాలి. సీసా ఎప్పుడూ కంటికి కిందే ఉండాలి. ఎత్తిపట్టి ఎంత ఉందో చూడటం, మూత బిగుసుకుపోయిందని పళ్లతో తీయడం రెండూ ప్రాణం మీదికి తెస్తాయి.

వరస ఇలా: స్ప్రేయర్‌లో ముందు సగం నీళ్లు. తర్వాత సిరంజితో కొలిచిన మందు. సిరంజిలోకి రెండుసార్లు మంచినీళ్లు పీల్చి ఆ నీళ్లూ స్ప్రేయర్‌లోనే వదలండి. సీసా మూత వెంటనే బిగించండి. మూత తీసిన సీసాను పక్కన పెట్టి వేరే పని చూడకూడదు. స్ప్రేయర్ మూసి కదిపి, మిగతా సగం నీళ్లు పోసి మళ్లీ కదపండి. పొడి మందైతే ముందు చిన్న డబ్బాలో కొద్ది నీళ్లతో గుజ్జులా కలిపి, ఆ తర్వాతే స్ప్రేయర్‌లో వేయండి. కుళాయి గొట్టం చివర మందు నీళ్లలో మునగకూడదు. నీటి ఒత్తిడి పడిపోతే గొట్టం మందును వెనక్కి, తాగే నీటి పైపులోకి లాగేస్తుంది.

కలిపింది ఆ రోజే వాడేయాలి. నీళ్లలో చాలా మందులు నెమ్మదిగా విరిగిపోతాయి, క్షారగుణం ఎక్కువున్న నీళ్లలో కొన్ని ఇంకా త్వరగా. రేపటికి బలం ఉండదు, ప్రమాదం మాత్రం మిగిలే ఉంటుంది.

ఇంట్లో

తినేవి, గిన్నెలు, పిల్లల బొమ్మలు, జంతువుల గిన్నెలు, పడకలు బయట పెట్టండి లేదా కప్పండి. ఈసీ మందైతే పొయ్యి, దీపం, అగరొత్తి అన్నీ ఆర్పేయండి. చేపల తొట్టి ఉంటే గాలి పంపు ఆపి, పైన ప్లాస్టిక్ కప్పి అంచులు మూయండి. పంపు ఆపకపోతే గదిలోని మందు గాలిని అదే నీళ్లలోకి తోస్తుంది. చిన్న తొట్టి అయితే వేరే ఇంటికి పంపడమే మేలు. పంజరంలో పక్షులు గదిలోనే కాదు, ఇంట్లోనే ఉండకూడదు.

పగుళ్లలో, అంచుల్లో, పైపులు గోడలోకి వెళ్లే కన్నాల దగ్గర, అలమరల వెనక కొట్టండి. నేలంతా తడపక్కర్లేదు. స్విచ్చుబోర్డుల జోలికి వెళ్లకండి. లోపలి గది నుంచి మొదలుపెట్టి వాకిలి వైపు వెనక్కి నడవండి. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదకండి, నీళ్లతోనో మెత్తటి బ్రష్షుతోనో శుభ్రం చేయండి.

మందు పూర్తిగా ఆరి, కిటికీలు తెరిచి లేబుల్ చెప్పినంతసేపు గాలి ఆడాకే లోపలికి రండి. పాకే వయసు పిల్లలుంటే నేల మధ్య భాగాన్ని తుడిచేయండి. అంచుల్లో కొట్టింది మాత్రం తుడవకండి, పనిచేసేది అదే.

పెరట్లో

గాలి ఆకుల్ని మెల్లగా కదిపేంత ఉంటే సరిపోతుంది. చెట్టు కొమ్మలు ఊగుతుంటే మానేయండి. వాన వచ్చేలా ఉన్నా మానేయండి. మిట్టమధ్యాహ్నం వేడికి మందు ఆవిరవుతుంది, ఈసీ మందుల్లోని ద్రావకం ఆకుల్ని మాడుస్తుంది. తేనెటీగలు గూటికి చేరాక, సాయంత్రం చల్లబడ్డాక కొట్టడం మంచిది. పూలున్న మొక్కలకు ఏ వేళా వద్దు. ఆరేసిన బట్టలు తీసేయండి, పక్కింటివాళ్లకు ముందే ఒక మాట చెప్పండి.

నీళ్ల విషయంలో నేను ఏ మినహాయింపూ ఒప్పుకోను. పైరిత్రాయిడ్లు మనకంటే చేపలకు ఎన్నో రెట్లు విషం. కొన్ని చేపలకు లీటరు నీటిలో ఒక మైక్రోగ్రాము స్థాయిలోనే ప్రాణాంతకం. మళ్లీ లెక్క చూడండి. 10 శాతం సీసాలోని 1 మి.లీ.లో 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఆ ఒక్క మిల్లీలీటరు లక్ష లీటర్ల నీటిని ఆ స్థాయికి తీసుకెళ్లగలదు. కాబట్టి బావికి, చెరువుకు, కాలువకు కనీసం 30 మీటర్ల దూరంలో కలపండి, కడగండి. లేబుల్ ఇంకా ఎక్కువ దూరం చెబితే అదే పాటించండి. కాలువలోకి వాలుగా ఉన్న సిమెంటు నేల మీద కొట్టకండి. మట్టి మందును పట్టి ఉంచుతుంది, సిమెంటు మొదటి వానకే వదిలేస్తుంది.

జంతువుల దగ్గర

అన్నిటికంటే ముందు పిల్లి. పెర్‌మెత్రిన్ లాంటి మందుల్ని విరిచి బయటికి పంపే ఒక ఎంజైమ్ వ్యవస్థ పిల్లి కాలేయంలో చాలా బలహీనం. కుక్క తట్టుకునే మోతాదు పిల్లిని చంపుతుంది. కుక్కల మెడ మీద చుక్కలుగా వేసే కొన్ని మందుల్లో 45 నుంచి 65 శాతం దాకా పెర్‌మెత్రిన్ ఉంటుంది. దాన్ని 'చిన్న కుక్కే కదా పిల్లి' అనుకుని వేయడం వల్ల ఎన్నో పిల్లులు వణుకుతో, మూర్ఛలతో చచ్చిపోయాయి. అలాంటి మందు వేసిన కుక్కను పిల్లి నాకినా, దాని పక్కన పడుకున్నా ప్రమాదమే. లేబుల్ చెప్పినంతకాలం రెండింటినీ వేరుగా ఉంచండి. ఇల్లంతా మందు కొట్టిన రోజు పిల్లిని మరోచోట ఉంచి, అన్నీ ఆరాకే తీసుకురండి. నేల మీద తిరిగి పాదాలు నాకడం దాని స్వభావం.

జంతువు ఒంటి మీద వాడటానికి, ఆ జాతి జంతువుకే అని రాసిన మందు తప్ప వేరేది వాడకండి. గోమార్లకు పశువులకు వాడే అమిట్రాజ్ గుర్రాలకు పేగుల కదలికను ఆపేస్తుంది. కుక్కలకు వాడే ఫిప్రోనిల్ కుందేళ్లకు విషం. పొలం మందును పలచగా చేసి గేదెకు పూసినా, అందులోని ద్రావకాలు చర్మాన్ని కాల్చి లోపలికి దిగుతాయి. దూడలకు, చూడి పశువులకు, జబ్బు చేసినవాటికి, ఒంటి మీద పుండ్లున్నవాటికి పశువైద్యుణ్ని అడగకుండా ఏదీ పూయకండి. పూశాక ఆరేదాకా ఒకదాన్నొకటి నాక్కోకుండా విడివిడిగా కట్టేయండి.

పాలిచ్చే పశువుకు వాడిన మందు పాలలోకి వస్తుంది. లేబుల్ మీద 'పాలు వాడకూడని కాలం' అని ఎన్ని గంటలో, ఎన్ని రోజులో రాసి ఉంటుంది. అలా రాయనే లేదంటే ఆ మందు పాడి పశువు కోసం కాదని అర్థం. గుడ్ల సంగతీ అంతే. 2017లో ఐరోపాలో కోళ్ల ఫారాల్లో పురుగులకు కొట్టిన మందులో అనుమతి లేని ఫిప్రోనిల్ కలిసిందని తేలింది. నెదర్లాండ్స్, బెల్జియంలతో మొదలై చాలా దేశాల్లో లక్షలకొద్దీ గుడ్లను వెనక్కి తీసుకున్నారు. అక్కడ గొడవ మందుకు కోళ్లు చచ్చి పడ్డాయని కాదు, మందు గుడ్లలోకి చేరిందని. పెరట్లో రెండు కోళ్లున్న ఇంట్లోనూ జరిగేది అదే.

కొట్టంలో కొట్టేటప్పుడు పశువుల్ని బయటికి తోలి, మేత తీసేసి, తొట్టిలో నీళ్లు వంపేసి తొట్టిని బోర్లించండి. పాల గిన్నెలు, పాలు పితికే చోట ఉన్న సామాను బయట పెట్టండి. మేత తొట్టి లోపలి వైపు మందు తగలకూడదు. కోళ్లు చచ్చిన పురుగుల్ని ఏరుకు తింటాయి కాబట్టి, మందు కొట్టిన చోట ఊడ్చి ఎత్తేశాకే వదలండి.

కుక్కలకు పట్టే గోమారి బతుకులో ఎక్కువ భాగం కుక్క ఒంటి మీద కాదు, గోడ పగుళ్లలో గడుస్తుంది. ఒక ఆడది వేల గుడ్లు అక్కడే పెడుతుంది. అందుకే కుక్కకు మాత్రమే మందు వేస్తే తగ్గదు. పడుకునే చోటు చుట్టూ నడుమెత్తు దాకా గోడ పగుళ్లలో కొట్టాలి, పక్కబట్టల్ని వేడినీళ్లలో ఉతకాలి. గంతులేసే ఫ్లీ పురుగులది ఇంకో తీరు. గూడు కట్టుకుని లోపలున్న దశను ఏ మందూ సరిగా చంపదు. కాబట్టి కొట్టిన రెండు మూడు వారాల దాకా కొత్తవి బయటికి వస్తూనే ఉంటాయి. మందు పనిచేయలేదనుకుని మూడో రోజే మళ్లీ కొట్టకండి. ఊడ్చి, వాక్యూమ్ పట్టి, ఉన్న మందునే పనిచేయనివ్వండి.

పని అయ్యాక

స్ప్రేయర్‌ను మూడుసార్లు నీళ్లతో కడిగి, ఆ నీళ్లను కూడా మందు కొట్టిన చోటే చల్లండి. కాలువలో, సింకులో, మరుగుదొడ్డిలో పోయకండి. కలుపు మందుకు వాడే స్ప్రేయర్ వేరుగా ఉండాలి. సీసా ఖాళీ అయితే అర నిమిషం బోర్లించి వంచి, పావు వంతు నీళ్లు పోసి మూత బిగించి ఊపి, ఆ నీళ్లు స్ప్రేయర్‌లోకి వంచండి. ఇలా మూడుసార్లు. ఇది కలిపే రోజే చేయాలి, అప్పుడు కడిగిన నీళ్లు లెక్కలో కలిసిపోతాయి. తర్వాత సీసాకు కన్నం పెట్టి ఎవరూ వాడలేకుండా చేసి, మీ ప్రాంతంలో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. కాల్చకండి, మరి దేనికీ వాడకండి.

చేతి తొడుగుల్ని తీయకముందే సబ్బుతో కడగండి, ఆ తర్వాత తీసి చేతులు కడగండి. స్నానం, తలతో సహా. ఆ బట్టలు మిగతావాటితో కలపకుండా వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. సీసా నుంచి మందు నేరుగా పడిన బట్టల్ని ఉతికి వాడుకోవద్దు, పారేయండి.

మిగిలిన గాఢ మందు దాని సొంత సీసాలోనే, తాళం వేసిన చోట, దాణాకు, విత్తనాలకు, తిండికి దూరంగా. నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి పక్కింటికి 'కొంచెం' ఇవ్వడం దయచేసి మానండి. పిల్లలు పొరపాటున తాగే సంఘటనలు ఎక్కువగా అలాంటి సీసాలతోనే జరుగుతాయి.

ఎవరికైనా తగిలితే

చర్మం మీద పడితే బట్టలు వెంటనే విప్పి, సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నుంచి 20 నిమిషాలు కడగండి. కంట్లో పడితే రెప్పలు తెరిచి అంతేసేపు శుభ్రమైన నీళ్లు పోయండి. సాయం చేసేవాళ్లూ తొడుగులు వేసుకోవాలి. పైరిత్రాయిడ్ తగిలిన చోట, ముఖ్యంగా ముఖం మీద, కొన్ని గంటల తర్వాత చురచురమంటుంది. ఎండకు, వేడినీళ్లకు ఎక్కువవుతుంది, సాధారణంగా ఒక రోజులో తగ్గుతుంది.

మింగితే వాంతి చేయించకండి. ఉప్పునీళ్లు, పాలు, నూనె, ఏవీ పట్టకండి. ఈసీ మందులోని ద్రావకం వాంతితో పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే, మింగిన మందు కంటే అదే ఎక్కువ హాని చేయవచ్చు. విష సమాచార కేంద్రం నంబరు ముందే రాసి పెట్టుకుని ఉంటే అప్పుడు పనికొస్తుంది. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు సీసాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి తీసుకెళ్లండి, లేదా లేబుల్ ఫొటో తీసుకోండి. నోట్లో, కళ్లలో నీళ్లు కారడం, చెమటలు, కంటిపాప సూదిమొనంత అవడం, కండరాలు అదరడం, ఊపిరి అందకపోవడం కనిపిస్తే మింగింది ఆర్గానోఫాస్ఫేటో, దానిలాగే పనిచేసే కార్బమేట్ జాతి మందో అయ్యుండవచ్చు. వాటికి అట్రోపిన్ ఇస్తారు. పైరిత్రాయిడ్‌కు అది విరుగుడు కాదు. అందుకే 'పురుగుల మందు' అంటే వైద్యుడికి చాలదు, మందు పేరు కావాలి.

పిల్లికో కుక్కకో మందు అంటితే, గోరువెచ్చటి నీళ్లతో, గిన్నెలు తోమే తేలికపాటి సబ్బుతో కడిగి, తుడిచి, వెచ్చగా కప్పి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మరీ వేడినీళ్లు వద్దు, చర్మం మందును ఇంకా పీల్చుకుంటుంది. చెవులు, కాళ్లు అదరడం మొదలైతే స్నానం కూడా తర్వాతి సంగతి, ముందు వైద్యుడే. ఇంటికి తెచ్చాక కూడా రెండు మూడు రోజులు కనిపెట్టి ఉండండి, వణుకు తగ్గినట్టే తగ్గి మళ్లీ రావచ్చు.